మెకానిక్ రేపొస్తడు

ఎడమ కాలువ మీద ఉద్యోగం చేసినన్నాళ్లూ నా పని ఒక్కటే. తూము దగ్గర గోడకు బిగించిన కొలత పలక మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసి పుస్తకంలో రాయాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చేరిన రోజునే పై అధికారి రెండు మాటలు చెప్పాడు. కళ్లతో చూడని రీడింగు రాయకూడదు. పొరపాటున తప్పు రాస్తే దాన్ని చెరపకూడదు. కింద ఉన్నది కనిపించేలా ఒక్క గీత కొట్టి, పైన సరైన అంకె వేసి, పక్కన సంతకం పెట్టాలి. మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా ఆ గట్ల మీద ఎన్నిచోట్లకు బదిలీ అయినా ఈ రెండు మాటలు నేను తప్పలేదు.

ఆ అలవాటే ఇంట్లోకి వచ్చింది. పెళ్లయిన ఏడాది నుంచి డైరీ రాస్తున్నాను. వాన పడిందా, ఏం కూర వండుకున్నాం, గ్యాస్ బండ ఏ రోజు మార్చాం, ఎవరు వచ్చి పోయారు, ఇంతే. మనసులో మాటలేవీ అందులో ఉండవు. నా భార్య సర్కారు బడిలో పంతులమ్మ. "మీ కాలువ ఇంట్లకు గూడ పారుతున్నదండి," అని నవ్వేది. కానీ మా ఇద్దరికీ ఏదైనా వాదన వస్తే తీర్పు చెప్పేది ఆ డైరీయే. పక్కింటివాళ్లు నిచ్చెన దసరాకు ముందు తీసుకుపోయారా తరవాతా అని నేనొకటీ తానొకటీ అంటుంటే, "పుస్తకం తియ్యండి," అనేది. పుస్తకంలో ఎట్లా ఉంటే అట్లా. తన మాటే నెగ్గితే పిల్లల నోటుబుక్కుల్లో పెట్టినట్టు ఆ పేజీ అంచున ఎర్ర సిరాతో టిక్కు పెట్టేది. నలభై ఏళ్ల డైరీల్లో ఆ టిక్కులు నా సంతకాలకంటే ఎక్కువ ఉన్నాయి. మాకు పిల్లలు లేరు. ఇంట్లో మూడో సాక్షి ఆ పుస్తకమే.

రిటైరయ్యాక సూర్యాపేటలో హైవేకి దగ్గరగా ఇల్లు కట్టుకున్నాం. కట్టినప్పుడు లారీల మోత ఒక లెక్క కాదనిపించింది. తరవాత తనకు నిద్ర పలచబడింది. మధ్యాహ్నం పూట కూడా హారన్‌కు ఉలిక్కిపడి లేచి కూర్చునేది. అందుకని కిటికీలన్నిటికీ రెండు పొరల అద్దాలు పెట్టించి, ముందరి వరండాను కూడా అట్లాంటి అద్దాలతోనే మూసి, దానికొక అద్దాల తలుపు బిగించాం. రోడ్డు మీదికి పోవడానికి అదొక్కటే దారి. వెనక తలుపు తీస్తే బట్టలుతికే చోటు, దాని చుట్టూ గోడ.

తలుపు వేస్తే లారీలు కనిపించేవి గానీ వినిపించేవి కావు. "సినిమాలో మాటలు పోయినట్టున్నదండి," అంది మొదటి రోజు. ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలు నిద్రపోయింది. అది కూడా రాసుకున్నాను.

ఏడాది తిరిగేసరికి తలుపు కిందికి జారి చట్రానికి రాసుకోవడం మొదలైంది. తాళం చెవి తిరగడం మానేసింది. పాత ఇంటి కొయ్య తలుపులకు, గడియలకు చేసినట్టే నేను తాళం రంధ్రంలో ఆముదం పోశాను. రెండు రోజులు తిరిగింది, తరవాత పూర్తిగా బిగుసుకుపోయింది. ఇట్లాంటి తలుపుల తాళాలు, హ్యాండిళ్లు, బందులు బాగుచేసే మనిషి కోదాడలో ఉన్నాడని తెలిసి ఫోన్ చేస్తే, మరునాడు బండి మీద వచ్చాడు. నలభై దాటిన మనిషి. తాళం రంధ్రంలో పుల్ల పెట్టి తీసి వాసన చూశాడు.

"ఏం పోశారు సార్ ఇందులో?"

"ఆముదం."

"ఇది తలుపండి. తలకాయి కాదు."

నా భార్య వంటింట్లోంచి పగలబడి నవ్వింది. "ఇంకా నయం, కుంకుడుకాయ రసం గూడ పోసేటోళ్లే తమ్మీ. నువ్వు తొందరగ వచ్చినవ్," అంది.

అతను తలుపు అంచున ఉన్న పొడుగాటి ఇనుప పట్టీని విప్పి, ఆముదానికి అంటుకున్న దుమ్మునంతా తుడిచి, అది పనిచేసే తీరు మాకు చూపించాడు. ఈ తలుపుకు తాళం ఒకచోట కాదు, పైన, నడుమ, కింద మూడుచోట్ల పడుతుంది. హ్యాండిల్‌ను పైకెత్తితే మూడూ పట్టుకుంటాయి. కిందికి నొక్కితే వదులుతాయి. బందుల్లో మరలు ఉంటాయి, వంకర పానాతో వాటిని తిప్పితే జారిన తలుపు లేస్తుంది. హ్యాండిల్ వెనక వేలెడంత చదరపు కడ్డీ ఉంటుంది. "ప్రాణమంతా దీంట్లోనే ఉందండి. ఇది లేకపోతే ఎంత పెద్ద తలుపైనా గోడే," అన్నాడు. హ్యాండిల్ మీది మూతను పక్కకు తిప్పి, దాని కింది రెండు స్క్రూలు చూపించి, "వదులైతే మీరే బిగించుకోండి సార్. దీనికోసం నన్ను కోదాడ నుంచి రప్పించకండి," అన్నాడు.

నా భార్య హ్యాండిల్‌ను రెండుసార్లు ఎత్తి దించి చూసుకుంది. "బడిగంట కొట్టినట్టే ఉన్నది," అంది. అతనికి టీ ఇచ్చింది. అల్లం ఎక్కువైందని అతనంటే, తాగినాక చెప్పడమేంటని కసిరింది.

ఆమెకు మరుపు ఎప్పుడు మొదలైందో డైరీని వెనక్కి తిప్పితే తెలుస్తుంది. చారులో రెండుసార్లు ఉప్పు. పొయ్యి మీద ఉత్త గిన్నె. తెలిసినావిడ వస్తే పేరు అడగడం. విడివిడిగా రాసుకుంటూ పోయాను, కూడిక చేయలేదు. దవాఖానలో డాక్టరు జబ్బు పేరు చెప్పాకే అన్నీ ఒక వరుసలో కనిపించాయి. ఎవరికీ చెప్పలేదు. మిర్యాలగూడలో ఉన్న వాళ్లక్కకు కూడా "జర మతిమరుపు వచ్చింది" అని మాత్రమే అన్నాను. ఆమె పెద్దది, తల్లి పోయినప్పటి నుంచి ఈమెను సాకింది, ఎందుకు బాధపెట్టాలని.

గ్యాస్ పొయ్యి ఎట్లా వెలిగించాలో మరిచిపోయింది. రవికె గుండీలు మరిచిపోయింది. ఆ తలుపు హ్యాండిల్ మాత్రం ఆమె చేతికి గుర్తుంది. ఒకనాడు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. లారీల మోత ఇల్లంతా నిండి ఉంది. నేను రోడ్డు మీదికి పరుగెత్తేలోపే రోడ్డవతలి టీ కొట్టతను ఆమె మణికట్టు పట్టుకుని తీసుకొస్తున్నాడు. ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి నాది.

"లారీల నడుమకెళ్లి దాటింది సార్. కోదాడ బస్సు గీడ ఆగుతదా అని అడిగింది. జర చూసుకోండి," అన్నాడు.

"అమ్మ అన్నం పెట్టుకొని చూస్తుంటది," అంది తాను నాతో. వాళ్లమ్మ పోయి యాభై ఏళ్లు.

తాళం వేసి చెవి దాచినా, హ్యాండిల్ కనిపించినంతసేపూ లాగుతూనే ఉంటుందనిపించింది. ఆ రోజే మూత తిప్పి, రెండు స్క్రూలు విప్పి, హ్యాండిల్‌ను కడ్డీతో సహా ఊడదీశాను. రెండువైపులా తలుపుకు చదరపు రంధ్రం మిగిలింది. నాకు అవసరమైనప్పుడు జేబులోంచి హ్యాండిల్ తీసి, రంధ్రంలో గుచ్చి తిప్పేవాణ్ని. పని కాగానే మళ్లీ జేబులోకి.

సాయంత్రం ఆమె తలుపు దగ్గర నిలబడి రంధ్రంలో వేలు పెట్టి చూసింది.

"హ్యాండిల్ ఏదండి?"

"పాడైంది. మెకానిక్ రేపొస్తడు."

"రాసిన్రా?"

రాయలేదన్నాను. "రాయకపోతే ఎట్ల గుర్తుంటది? రాయండి," అంది. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను రాసేదాకా కదల్లేదు. 'తలుపు హ్యాండిల్ పాడైంది. మెకానిక్ రేపు వస్తాడు' అని రాశాను. వేలితో చదువుకుంది, తల ఊపింది. నెమ్మదించింది. ఆ రోజు మళ్లీ తలుపు జోలికి పోలేదు.

నలభై ఏళ్లలో నేను చూడకుండా రాసిన మొదటి రీడింగు అది.

మందు పనిచేసినట్టు పనిచేసింది కాబట్టి రోజూ వాడాను. ఆమె ఎక్కడికైనా పోవాలని లేస్తే పుస్తకం తెరిచి చూపించేవాణ్ని. బడికి పరీక్ష డ్యూటీకి పోవాలనేది. నడిగూడెంలో చిన్నప్పటి స్నేహితురాలి పెళ్లికి పోవాలనేది. అమ్మ ఫోన్ చేసింది, పోవాలనేది. అన్నిటికీ ఒకటే జవాబు. పుస్తకం మాట కాబట్టి నమ్మేది. మెకానిక్ వస్తాడని పొద్దున్నే వరండాలో కుర్చీ తుడిచిపెట్టేది. టీ గ్లాసులు మూడు కడిగేది. నేను జేబులోంచి తీసి తలుపు తెరవడం ఒకటి రెండుసార్లు చూసింది కూడా. "మీ చేతికి వస్తది. నా చేతికి రాదు," అంది, తప్పంతా తన చేతిదే అన్నట్టు. నాలుగు నెలలు ఇట్లా గడిచాయి.

ఒక రోజు నేను వెనక బట్టలు ఉతికి ఆరేసి లోపలికి వస్తే, చీర మార్చుకుని, సంచి పట్టుకుని నిలబడి ఉంది.

"అక్కకు బాగలేదండి. మిర్యాలగూడ పోవాలె."

"ఎవరు చెప్పిన్రు?"

"అక్కే. ఫోన్ చేసింది. ఒక్కసారి వచ్చిపోవే అన్నది."

వారం కిందట వాళ్లమ్మ కూడా ఫోన్ చేసింది. నేను సంచి తీసుకుని మేకుకు తగిలించాను. "హ్యాండిల్ పాడైంది కదా. రేపు మెకానిక్ రాంగనే పోదాం," అన్నాను. పుస్తకం చూపించాను. చదివింది. ఎప్పటిలాగా తల ఊపలేదు. నా చేతిలో పెన్ను తీసుకుని, ఆ పేజీ అంచున, ఎర్ర టిక్కులు పెట్టే చోట, వంకర అక్షరాలతో 'అక్క. మిర్యాలగూడ' అని రాసింది. రెండేళ్లుగా పెన్ను పట్టని మనిషి. 'ర్యా' రాయడానికి చాలాసేపు పట్టింది.

నాకు ఏమనిపించిందో దాచను. చిరాకు పడ్డాను. నా పుస్తకంలో ఇంకొకరి రాత. కాలువ మీద ఇట్లా ఎవరైనా వేరేవాళ్లు అంకె వేసి పోతే, పక్కన 'సరిచూడలేదు' అని రాసే పద్ధతి ఉంది. ఆమె అక్షరాల పక్కన అదే రాశాను.

సరిచూడటానికి ఎంతసేపు? ఆమె మంచం పక్క అలమరలో చిన్న ఫోను ఉంటుంది, అక్కతో మాట్లాడుకోవడానికని నేనే ఇప్పించింది. ఒక్క బటన్ నొక్కితే వచ్చిన ఫోన్లు కనిపిస్తాయి. వరద నీళ్లు తూము మీదికి వస్తున్నా గొడుగు పట్టుకుని దిగి పలక చూసివచ్చినవాణ్ని, నాలుగడుగుల దూరంలో ఉన్న అలమర దాకా పోలేదు.

తొమ్మిది రోజులు అడిగింది. మిగతావన్నీ గంటకే మరిచేది, ఇది మరవలేదు. పొద్దున లేవగానే పుస్తకం తెరిచి, తాను రాసింది వెతుక్కుని చదివి, నా దగ్గరకు వచ్చేది. "వచ్చిండా?" అనేది. "రేపు," అనేవాణ్ని. ఐదో రోజున రంధ్రంలో చెంచా కాడ పెట్టి తిప్పుతుంటే చూశాను. చేయి పట్టుకుని వెనక్కి తెచ్చాను. వేలు గీసుకుపోయి రక్తం వచ్చింది. పసుపు పెట్టాను. డైరీలో 'వేలికి దెబ్బ' అని రాశాను.

పదో రోజు పొద్దున నా ఫోనుకు వాళ్లక్క బిడ్డ ఫోన్ చేసింది.

"అమ్మ పోయింది చిన్నాయనా."

వెంటనే ఆమే అంది, "చిన్నమ్మ వస్తనన్నదని రోజు తలుపుదిక్కే చూసింది. నన్ను నంబరు కలిపియ్యిమంటే మూడుసార్లు కలిపిచ్చిన. వస్తనక్కా, వస్తనక్కా అన్నదట. మీరు బయలెల్లుతున్నరేమో అని నేను మీకు మళ్ల చెయ్యలే."

అలమరలోంచి ఫోను తీసి చూశాను. మూడు ఫోన్లు ఉన్నాయి. మొదటిది ఆమె సంచి పట్టుకుని నిలబడిన రోజు, నేను వెనక బట్టలు ఉతుకుతున్న సమయం. నాలుగు నిమిషాలు. మిగతా రెండూ కూడా నేను వెనక ఉన్న వేళల్లోనే. వెనక కిటికీకీ రెండు పొరల అద్దాలే. లారీల మోత రాకుండా నేను చేయించిన పని ఆ ఫోను మోతను కూడా నా దాకా రానివ్వలేదు.

కారు మాట్లాడాను. జేబులోంచి హ్యాండిల్ తీసి ఆమె ఎదురుగానే గుచ్చి తలుపు తెరిచాను. దాచే ఓపిక లేదు.

"బాగైందా?" అంది. ముఖం విప్పారింది. "మెకానిక్ ఎప్పుడొచ్చి పోయిండు? టీ గూడ ఇయ్యకపోతిమి."

మేకుకున్న సంచి తానే తీసుకుంది. అక్క పోయిందని దారిలో రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ ఏడ్చింది. రెండుసార్లూ కొంతసేపటికి కిటికీలోంచి వరి పొలాలు చూస్తూ, "అక్క సర్వపిండి చేసి ఉంటది," అంది.

వాళ్లక్క ఇల్లు రైస్ మిల్లుల వెనక. ఎప్పుడు పోయినా బట్టల మీద ఊక బూడిద పడుతుంది. ఆ రోజు ముంగిట్లో శామియానా కింద అద్దం మూత ఉన్న ఐస్ పెట్టెలో పెద్దామె పడుకుని ఉంది. అద్దం మీద ఆవిరి పట్టింది. నా భార్య దగ్గరికి పోయి, కొంగుతో అద్దం తుడిచి, వంగి చూసింది. అందరూ ఏడుపు ఆపి చూస్తున్నారు.

"తలుపు హ్యాండిల్ పాడైందక్కా," అంది. "మెకానిక్ రాలే. రోజు రేపు అంటడు. అందుకే రాలేకపోయిన. నేను అబద్ధం చెప్తలేను. రాసిపెట్టిన్రు గూడ. కావాలంటే పుస్తకం చూడు."

అక్కడున్నవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. పెద్దామె బిడ్డ నా వైపు చూసింది. నేను శామియానా గుంజ పట్టుకుని నిలబడ్డాను. నలభై ఏళ్లు నేను రాసినదంతా నిజమని ఆమె నమ్మింది కాబట్టే ఆ మాట అనగలిగింది.

తిరిగి వచ్చాక కోదాడకు ఫోన్ చేశాను. మరునాడే వచ్చాడు, ఆ మనిషే. రంధ్రం చూశాడు, నా చేతిలోని హ్యాండిల్ చూశాడు. కడ్డీ వేలితో తడిమాడు.

"ఇది పాడవలేదు సార్. ఎవరో విప్పారు."

"నేనే విప్పిన," అన్నాను. ఎందుకో చెప్పాను. మిర్యాలగూడ సంగతి చెప్పలేదు.

అతను రెండు స్క్రూలు బిగించి, బందుల మరలు సరిచేసి, తలుపు మూసి తెరిచి చూశాడు. తరవాత తన సంచిలోంచి అగ్గిపెట్టెంత ముక్కలు రెండు తీసి తలుపుకొకటి, చట్రానికొకటి అంటించాడు. తలుపు తెరిస్తే చెవులు అదిరేలా గంట మోగింది. వెనక ఎక్కడున్నా వినిపిస్తుందన్నాడు. కోదాడలో ఒకరింట్లో ఇట్లాగే పెద్దాయన బయటికి పోతుంటే పెట్టాడట.

"ముందే ఒక ఫోన్ చేయాల్సింది సార్," అన్నాడు. తప్పుపట్టినట్టు కాదు, మామూలుగానే అన్నాడు.

ఆమె అతనికి టీ తెచ్చి ఇచ్చింది. నేను కాచింది, తాను పట్టుకుపోయింది. అతను తాగుతుంటే ఎదురుగా కూర్చుని, "మా తలుపు హ్యాండిల్ పాడైంది తమ్మీ. మెకానిక్ రేపొస్తడంట. నీకు తెలిసినోళ్లెవరన్న ఉంటే చెప్పు," అంది. అతను గ్లాసు కింద పెట్టి నా వైపు చూశాడు. "చెప్తానమ్మా," అన్నాడు.

ఆ తరవాత వారం రోజులు కూర్చుని నాలుగు నెలల డైరీ దిద్దాను. ప్రతి పేజీలో 'హ్యాండిల్ పాడైంది' మీద ఒక్క గీత. పైన 'హ్యాండిల్ నేనే తీశాను' అని రాసి, పక్కన సంతకం. ఆమె అక్షరాలున్న పేజీలో నేను రాసిన 'సరిచూడలేదు' మీద కూడా గీత కొట్టాను. పైన ఏం రాయాలో చాలాసేపు తెలియలేదు. 'నిజం' అని రాసి ఎర్ర సిరాతో టిక్కు పెట్టాను. ఆమె పెట్టే టిక్కులాగా రాలేదు.

ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని దిద్దినవి చదివించాను. దాచి దిద్దితే అది కూడా ఇంకొక అబద్ధం అనిపించింది. వేలు పెట్టి ఒక్కో మాటే చదివింది. "హ్యాండిల్... నేనే... తీశాను." ఆగి, "ఎవరు తీసిన్రు?" అంది.

"నేనే."

"ఎందుకు?"

"నువ్వు రోడ్డు మీదికి పోతవని భయమై."

వేలు ఇంకా ఆ గీత మీదే ఉంది. "నేనెక్కడికి పోత? మెకానిక్ రాకపాయె," అంది. పేజీ తిప్పింది.

ఇప్పుడు రోజూ పొద్దున పది గంటలకు, ఎండ ముదరకముందే, తలుపు దగ్గరికి తీసుకుపోతాను. హ్యాండిల్ ఆమె ముందే ఉంటుంది, కొత్త స్క్రూలు మెరుస్తుంటాయి. ఎక్కడికైనా పోదామా, కోదాడ పోదామా, మిర్యాలగూడ పోదామా అని అడుగుతాను. నువ్వే తియ్యి అంటాను. ఆమె చేతులు కొంగులో పెట్టుకుని నిలబడి, అద్దం అవతల చప్పుడు లేకుండా పోయే లారీలను చూస్తుంది.

"రేపు పోదాం లెండి," అంటుంది. "మెకానిక్ రానియ్యండి."

ఈ రోజు కూడా అంతే అంది. రాశాను. తలుపు బాగుంది. గంట మోగలేదు.